పాత సైలెన్సర్ ఎక్కడుందో అడగండి

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో ఏడాదికి రెండుమూడు సార్లయినా తిరుగుతుంది. రోడ్డు మీద వరసగా పేర్చిన సైలెన్సర్లు (మోత కోసం కుర్రాళ్లు బండ్లకి మార్చి బిగించుకుంటే పోలీసులు పట్టుకున్నవి), వాటి మీదికి ఎక్కుతున్న రోడ్ రోలర్, పక్కన నిలబడి చూస్తున్న పోలీసు అధికారులు. ఒకసారి అది హైదరాబాద్‌ది అంటారు, ఇంకోసారి బెంగళూరుది అంటారు. మన విశాఖ బీచ్ రోడ్డు మీదా ఈ కార్యక్రమం జరిగింది కాబట్టి మనదే అయినా ఆశ్చర్యం లేదు. ఫొటో పడగానే కింద చప్పట్ల బొమ్మలు వరస కడతాయి. మొన్న శనివారం మళ్లీ వచ్చింది. నేనూ ఓ రెండు చప్పట్లు కొట్టి, ఫోన్ ఛార్జింగ్‌కి పెట్టి పడుకున్నా.

11:40కి వచ్చింది బండి. మాది చినవాల్తేరు, బీచ్ రోడ్డుకి రెండు సందుల అవతల. ముందు ఎక్కడో దూరంగా గుడగుడ, అది దగ్గరయ్యేకొద్దీ గాజు తలుపులు సన్నగా వణకడం, సరిగ్గా మా మలుపులో మూడు పేలుళ్లు. కింద పార్క్ చేసిన కార్లలో ఒకదానికి అలారం మోగడం మొదలైంది. మా అమ్మకి 78 ఏళ్లు, మాత్ర వేసుకుంటే గాని కన్ను మూతపడదు, ఆ మాత్ర పుణ్యమా అని వచ్చే నాలుగు గంటల నిద్ర కాస్తా పోయింది. లేచి కూర్చుని "ఎవడింట్లోరా పెళ్లి" అంది.

అప్పటి నుంచి ఆ రోలర్ ఫొటో గురించే ఆలోచిస్తున్నా. చివరికి తేలిందేమిటంటే, ఈ బండ్ల విషయంలో పోలీసులు జరిమానాని నమ్ముకుంటున్నారు, అదేమో కుర్రాళ్లకి లెక్కే లేదు. వాళ్లకి నొప్పి తెలిసేది టైము పోయినప్పుడు. ఈ ముక్క నాకు తెలిసింది ఏ అధికారి దగ్గరో కాదు, మా సొంత మేనల్లుడి దగ్గర.

మావాడి బండి

వాడికి 24. పరవాడ ఫార్మాసిటీలో షిఫ్టు డ్యూటీ, గాజువాకలో రూమ్. ఏడాది కిందట సెకండ్ హ్యాండ్‌లో బుల్లెట్ కొన్నాడు. ఆర్నెల్లకల్లా సైలెన్సర్ మార్చాడు. ఆదివారం భోజనానికి వస్తుంటే మా వాచ్‌మన్ ముందే గేటు తీసి పెడతాడు, బండి కనబడక్కర్లేదు.

"ఎంతైందిరా ఇది?" అన్నా.

"మూడు వేలు మావయ్యా. బిగించినందుకు ఇంకో మూడొందలు."

"పోలీసులు పట్టుకోరా?"

"పట్టుకున్నారు కదా. వెయ్యి కట్టా." చేయి కడుక్కుంటూ చెప్పాడు, కరెంటు బిల్లు కట్టానన్నట్టు. "ఇద్దరం మల్టీప్లెక్స్‌కి వెళ్తే అంతకంటే ఎక్కువే అవుద్ది."

"కట్టాక సైలెన్సర్ తీసేయమనలేదా?"

"డబ్బులు కట్టాక ఇంకేం అడుగుతారు?"

వాడు అబద్ధం ఆడే రకం కాదు, అందుకే ఆ మాట నన్ను పట్టుకుంది. వెయ్యి రూపాయలకి శబ్దానికి లైసెన్సు కొనుక్కున్నట్టయింది. మరి బండితో వచ్చిన పాత సైలెన్సర్ ఏం చేశావని అడిగితే మెకానిక్ దగ్గరుందన్నాడు. ఆ మధ్యాహ్నమే నేనూ వాడి వెనక ఎక్కి వెళ్లా (ఆ ప్రయాణం గురించి మా ఆవిడకి చెప్పకండి, సిగ్నల్ దగ్గర జనం నా నెత్తి మీద తెల్లజుట్టు చూసి నవ్వుకున్నారు).

షాపంటే షాపు కాదు, రేకుల షెడ్డు. మెకానిక్ బల్ల కిందికి వంగి ఒక పొట్లం లాగాడు. పాత పేపర్లో చుట్టి, పైన ప్లాస్టర్ అంటించి, దాని మీద స్కెచ్‌పెన్‌తో బండి నంబరులోని చివరి నాలుగంకెలు రాసి ఉన్నాయి. దాని వెనక అలాంటివే ఇంకో ఎనిమిదో పదో. చక్కగా, బ్యాంకు లాకర్లో పెట్టినట్టు.

"ఇవన్నీ ఎందుకు దాస్తున్నావు?" అన్నా.

"బండి అమ్మినప్పుడు కావాలి కదండీ. కొనేవోడు కంపెనీదే ఉండాలంటాడు."

అంటే మార్చినవాడికి తెలుసు, బిగించినవాడికి తెలుసు, రేపు కొనబోయేవాడికీ తెలుసు, అసలైనది ఏదో. నాలుగు బోల్టులు, ఇరవై నిమిషాల పని. రోలర్ కింద నలిగిన ప్రతి సైలెన్సర్‌కీ ఇలా ఎక్కడో బల్ల కింద పేపర్లో చుట్టిన జోడీ ఒకటి ఉండే ఉంటుంది. పోలీసులు అడగాల్సిన మొదటి ప్రశ్న నా దృష్టిలో అదే: పాతది ఎక్కడుంది, వెళ్లి తీసుకురా.

ఆ మెకానికే ఇంకో సంగతి చెప్పాడు. వాడి దగ్గర సైలెన్సర్ మార్పించుకున్న ఒక కుర్రాణ్ని రాత్రి పదకొండు దాటాక ఎక్కడో ఆపారట. ఆ డ్యూటీలో ఉన్న ఎస్సై చలానా రాసి వదిలెయ్యకుండా, కంపెనీ సైలెన్సర్ తెచ్చి ఇక్కడే బిగించుకుని వెళ్లు, అప్పటిదాకా బండి ఇక్కడే అన్నాడు. షాపు మూసేసి ఉంది. కుర్రాడు కంచరపాలెంలో మెకానిక్ ఇంటికెళ్లి తలుపు కొట్టి, తిట్లు తిని, షెడ్డు తెరిపించి, ఆటో మాట్లాడుకుని, "ఒళ్లో చంటిపిల్లని పెట్టుకున్నట్టు సైలెన్సర్ పెట్టుకుని ఎల్లాడండి". తననీ ఎక్కించుకెళ్లాడని, రోడ్డు పక్కన సెల్‌ఫోన్ వెలుతురులో బోల్టులు బిగించానని మెకానిక్ ఫిర్యాదు. అంతా అయ్యేసరికి రెండున్నర.

"మరి ఆ అబ్బాయి మళ్లీ మార్పించుకున్నాడా?"

"మళ్లీ నా షెడ్డు మొహం చూడనేదండి."

ఒక్క కుర్రాడి కథతో నగరం మొత్తానికి సిద్ధాంతం కట్టేస్తున్నానని అనొచ్చు, అనండి. కానీ మా మేనల్లుడు ఈ కథ వింటున్నంతసేపూ మొహం మాడ్చుకుని నిలబడ్డాడు. వెయ్యి రూపాయలు కట్టానని చెప్పినప్పుడు ఆ మొహంలో ఏ మార్పూ లేదు.

మీటర్ లేదండీ అనే మాట

ఒకసారి ఒక స్టేషన్‌కి వెళ్లి ఈ రాత్రి బండ్ల గురించి చెప్పా. మర్యాదగానే కూర్చోబెట్టారు. శబ్దం కొలిచే మీటర్ మా దగ్గర లేదండీ, కేసు నిలబడదు అన్నారు. నిజమేననుకుని వచ్చేశా. తర్వాత తీరిగ్గా చదివితే అర్థమైంది, ఆ మాట సగమే నిజమని.

మీటర్‌తో వెళ్తే నిజంగానే చిక్కులున్నాయి. 175 సీసీ దాటిన మోటార్‌సైకిల్‌కి మన దేశంలో పరిమితి 80 డెసిబెల్స్, కానీ అది కంపెనీ బండి బయటికి వదిలే ముందు, ఖాళీ ట్రాక్ మీద, ఇంత దూరంలో మైకు పెట్టి, ఇంత వేగంలో పోనిచ్చి చేసే పరీక్ష. మద్దిలపాలెం జంక్షన్లో నిలబడి, పక్కన ఆర్టీసీ బస్సు, వెనక లారీ మోగుతుండగా అదే కొలత తియ్యడం ఎవరి వల్లా కాదు. ఇళ్ల మధ్య రాత్రి పదింటి నుంచి పొద్దున్న ఆరింటి దాకా 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో ఉంది, నిజమే, కానీ అది ఆ ప్రాంతం మొత్తానికి పెట్టిన హద్దు. ఫలానా బండి దాటింది అని దాంతో వేలెత్తి చూపించలేం.

అయితే మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో 182ఎ అని ఒక సెక్షన్ వచ్చింది. అందులో నాలుగో ఉపసెక్షన్ ప్రకారం, బండి యజమాని రూల్సు ఒప్పుకోని విధంగా బండిని మార్చినా, బయటి విడిభాగాలు తెచ్చి బిగించినా, ఒక్కో మార్పుకీ 5 వేల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు. అసలు పని చేసేది ఇక్కడే: మార్చాడా లేదా అన్నది కంటితో చూసి చెప్పొచ్చు. కంపెనీ సైలెన్సర్ మీద కంపెనీ ముద్ర ఉంటుంది. లోపల అడ్డుగోడలుంటాయి, శబ్దం వాటికి కొట్టుకుని కొట్టుకుని చచ్చిపోతుంది. బయట కొన్నవాటిలో చాలావాటికి ఆ అడ్డు ఉండదు, లేదా డీబీ కిల్లర్ అని శబ్దం తగ్గించే ఒక చిన్న గొట్టం ఉంటుంది, ఒక్క స్క్రూ తీస్తే ఊడి వచ్చేస్తుంది. చెకింగ్‌లో పెట్టి, ఇంటికెళ్లేటప్పుడు తీసేస్తారు. మెకానిక్ చెప్పిన కిటుకు: టార్చ్ వేసి చూడండి, వెలుతురుకి లోపల ఏదో ఒకటి అడ్డం తగలాలి.

ఆ మూడు పేలుళ్ల సంగతీ వాడే వివరించాడు. పాత కార్బ్యురేటర్ బండ్లలో పోతూ పోతూ తాళం ఆపేస్తే ఇంజిన్‌లో నిప్పు ఆగిపోతుంది గాని పెట్రోలు ఆగదు. ఆ కాలని పెట్రోలు వేడి గొట్టంలోకి చేరుతుంది, మళ్లీ తాళం తిప్పగానే అక్కడ అంటుకుంటుంది. ఖాళీ గొట్టమైతే బాంబులా ఉంటుంది, కంపెనీదైతే తుమ్మినట్టుంటుంది. కాబట్టి సైలెన్సర్ ఒక్కటి సరిగ్గా ఉంటే పేలుళ్ల సరదా కూడా చాలావరకు తగ్గిపోతుంది.

ఊదించారు, పంపించేశారు

మనుషులు చాలరంటారు పోలీసులు. ఒప్పుకుంటా. కానీ ఈ శబ్దానికి ఒక టైము టేబుల్ ఉంది. శుక్ర, శనివారాలు, పదిన్నర నుంచి ఒంటిగంట, ఆర్కే బీచ్ నుంచి తెన్నేటి పార్కు మీదుగా రుషికొండ దాకా, అక్కణ్నుంచి వెనక్కి. చిన్నపిల్లాడైనా చెప్తాడు. ఆ టైములో అక్కడ పోలీసులు ఎటూ ఉంటారు, డ్రంక్ అండ్ డ్రైవ్ కోసం.

ఒక శనివారం అన్నవరం నుంచి వస్తూ ఆ చెకింగ్‌లో మేమూ ఆగాం. మా ముందు ఒక బండి, దూరం నుంచే దాని సంగతి తెలుస్తోంది. కానిస్టేబుల్ ఊదమన్నాడు, కుర్రాడు ఊదాడు, సున్నా వచ్చింది, పొమ్మన్నాడు. పోతూ పోతూ వాడు ఎక్సలేటర్ తిప్పిన తిప్పుడికి ఊదించిన కానిస్టేబులే ఉలిక్కిపడి రెండడుగులు వెనక్కి వేశాడు. తర్వాత మా కారు దగ్గరికొచ్చి, "చూశారా సార్, ఎలా పోతున్నాడో" అన్నాడు. ఆయన చేతిలో టార్చ్ ఉంది. నేనేం మాట్లాడలేదు, నా వంతు ఊదాలి కదా.

బ్యారికేడ్ ఉంది, మనుషులున్నారు, బండి ఆగింది. ఇంకో రెండు నిమిషాలు టార్చ్ వెనక్కి తిప్పాలి, అంతే. ఆ బండి నంబరు రాసుకుని, కంపెనీ సైలెన్సర్ వచ్చేదాకా పక్కన పెట్టి, నెల తర్వాత ఒక రోజు బండితో స్టేషన్‌కి రమ్మనాలి. ఈ రెండో పిలుపే ముఖ్యం. లేకపోతే వారం తిరక్కుండానే బల్ల కింద పొట్లాలు అటూ ఇటూ మారతాయి. సైలెన్సర్ అక్కడికక్కడే ఊడదీసి బండి ఇచ్చేయడం మాత్రం వద్దే వద్దు. ఉత్త గొట్టంతో వాడు ఇంటిదాకా వెళ్లే శబ్దం ఒక్కసారి వింటే ఎందుకంటున్నానో తెలుస్తుంది.

తల్చుకుంటే చెయ్యలేరా అంటే, తెల్లవారుజామున వాకర్ల కోసం ఇదే బీచ్ రోడ్డులో బండ్లు రాకుండా ఆపుతున్నారు. మొదట్లో అందరూ గొణిగారు, ఇప్పుడు ఆ టైములో అటు వెళ్లాలని కూడా ఎవరికీ తోచదు.

నాకే నచ్చని కొన్ని సంగతులు

ఇంతవరకు రాశాక ఒకరోజు ఆగా. ఎందుకంటే ఈ టార్చ్ ఎవరి బండి మీద పడుతుందో నాకు అనుమానమే. మా ఇంటికి టిఫిన్ తెచ్చే డెలివరీ అబ్బాయి బండి కూడా గట్టిగానే మోగుతుంది. వాడేం మార్చలేదు, ఈ సముద్రపు గాలికి తుప్పు పట్టి సైలెన్సర్‌కి కన్నం పడింది. విశాఖలో ఇనుము ఎన్నాళ్లుంటుందో మన బాల్కనీ గ్రిల్స్ చూస్తే తెలియదూ? వాడికి కావాల్సింది రెండొందల వెల్డింగ్, పది రోజుల గడువు. వాణ్ని రాత్రి పన్నెండింటికి నిలబెడితే ఆ రోజు కూలి పోతుంది. నేను పైన పొగిడిన టైము అనే ఆయుధం పేదవాడి మీదే ఎక్కువ తెగుతుంది, ఆ విషయం దాచలేను. కాబట్టి కొనుక్కుని మార్చినదీ, అరిగి చెడినదీ వేరు చేసి చూడాల్సిందే, అదీ ఆ కానిస్టేబుల్ కన్నే చెయ్యాలి. పది పన్నెండు లక్షల బండి మీద వచ్చిన కుర్రాడు ఎవరికో ఫోన్ కలిపి ఇస్తే ఆ కన్ను ఏం చేస్తుందో కూడా మనకి తెలుసు.

మెకానిక్‌ని కూడా పట్టుకోవాలని గ్రూపులో ఒకాయన వాదన. ఆ సెక్షన్ 182ఎ బండ్లు అమ్మే డీలర్‌కి బండికి లక్ష జరిమానా అంది, యజమానికి 5 వేలంది, సందు చివరి షెడ్డువాడి పేరు విడిగా ఎత్తలేదు. పైగా సైలెన్సర్లు ఇప్పుడు కొరియర్లో ఇంటికే వస్తున్నాయి, డబ్బా మీద రోడ్డు మీద వాడరాదు అని రాసి మరీ. షెడ్డువాణ్ని కొట్టడం కన్నా పిలిచి ఆ పొట్లాల లెక్క అడగడం మేలు.

ఇంకో మాట కూడా ఉంది, శబ్దం అంటే పడని ముసలాడి గొణుగుడు ఇది అని. కావచ్చు. కానీ డిసెంబర్ 4న నేవీ డేకి ఆర్కే బీచ్ మీద విమానాలు నెత్తి మీంచి దూసుకుపోతుంటే మా పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని చూసినవాణ్నే నేను. పోర్టు కూత, గూడ్సు బండి మోత మధ్యే పెరిగా. అవి వాటి పని అవి చేసుకుంటూ చేసే శబ్దాలు.

హారన్ సంగతి వేరే

సైలెన్సర్ కుర్రాళ్లు మహా అయితే వందల్లో ఉంటారు. హారన్ మాత్రం మనందరి చేతిలోనూ ఉంది, అందుకే దాని గురించి ఎవరూ రోలర్ ఫొటోలు పెట్టరు. 194ఎఫ్ సెక్షన్ కింద అనవసరంగా హారన్ కొడితే మొదటిసారి వెయ్యి, తర్వాత 2 వేలు. ఆస్పత్రి చుట్టూ వంద మీటర్ల దాకా నిశ్శబ్ద ప్రాంతం. ఇళ్ల మధ్య రాత్రి పది దాటాక హారన్ కూడదని సుప్రీంకోర్టు 2005 జులైలోనే చెప్పింది. మా నాన్న కేజీహెచ్ ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో బయట టీ తాగుతూ చూసేవాణ్ని, హారన్ కొట్టరాదు బోర్డు కిందే ఆటో ఆపుకుని, జగదాంబ సెంటర్‌కి సవారీల కోసం జగదాంబ, జగదాంబ అని అరుస్తూ, గొంతు నొప్పెట్టినప్పుడు హారన్ కొట్టేవాడు ఒకాయన. ఆయన దృష్టిలో అది పిలుపు.

దీనికి చలానాలు రాస్తూ కూర్చుంటే కాగితాలు చాలవు. సిరిపురం సిగ్నల్ దగ్గర ఒకసారి ఎర్రలైటు పడి పచ్చలైటు వచ్చేదాకా హారన్లు లెక్కపెట్టా, నలభై దాటాక మానేశా. ఎవరు ఎందుకు కొడుతున్నారో చూస్తే రెండే కారణాలు కనిపించాయి. ఫ్రీ లెఫ్ట్‌కి అడ్డంగా నేరుగా వెళ్లాల్సినవాళ్లు నిలబడ్డారు, వెనకవాళ్లు మోగిస్తున్నారు. రెండోది, టైమర్లో ఇంకా ఐదు సెకన్లుండగానే అందరూ మొదలుపెడతారు. మొదటిదానికి ఎడమ పక్క నాలుగు కోన్లు పెట్టి, తాడు కడితే చాలు, సగం మోత పోతుంది. కానిస్టేబుల్ విజిల్ కూడా అక్కర్లేదు (ఆ విజిల్ ఇంకో శబ్దం).

రెండోదానికి ముంబయి పోలీసులు 2020 మొదట్లో ఒక చమత్కారం బయటపెట్టారు. సిగ్నల్‌కి డెసిబెల్ మీటర్ తగిలించి, శబ్దం 85 దాటితే ఎర్రలైటు టైమర్ మళ్లీ మొదటికి వచ్చేలా పెట్టారు. వీడియో చూసి అందరం నవ్వుకున్నాం. అయితే కొట్టిన ఒక్కడి కోసం కొట్టనివాళ్లూ, వెనకున్న అంబులెన్సూ ఆగాలి. నాకు కఠ్మాండూ నచ్చింది. 2017లో వాళ్ల కొత్త సంవత్సరం రోజు నుంచి హారన్ బంద్ అన్నారు, ముందు బాగా చెప్పారు, తర్వాత వసూలు చేశారు, కొన్ని నెలల్లోనే ఊళ్లో తేడా తెలిసింది. ట్రాఫిక్ విషయంలో అదీ మనలాంటి ఊరే, మనలాంటి మనుషులే.

పారిస్‌లో కెమెరాలు పెట్టారు కదా, నాలుగు మైకులతో ఏ బండి అరిచిందో ఫొటోలో చుక్కలుగా చూపిస్తాయి, అవి మనమూ తెప్పిస్తే పోలేదా అని మా గ్రూపులో ఇంజినీర్ గారు అంటుంటారు. బాగానే ఉంటుంది. కాకపోతే మా మలుపులో పేల్చే బండి నంబరు చూద్దామని మూడు శనివారాలు బాల్కనీలో కాపలా కాశా. ప్లేటు పైకి మడిచి ఉంది.

ఈమధ్య మేనల్లుడికి ఫోన్ చేసి, శనివారాలు ఇంకా బీచ్ రోడ్డుకి వస్తున్నారా అని అడిగా.

"ఆ రూట్లో చెకింగ్ ఎక్కువైంది మావయ్యా. మీ సందుల్లోంచి కొట్టేస్తున్నారు మావాళ్లు."

మా సందుల్లోంచి. ఇది నాకు తట్టనేలేదు. బీచ్ రోడ్డులో టార్చ్ పట్టుకుని నిలబడితే ఆ మోత చినవాల్తేరు ఇళ్ల మధ్యకి వస్తుందన్నమాట, గోడకీ గోడకీ కొట్టుకుని ఇంకో రెండింతలై. అలాగైతే చెకింగ్ ఒక్కచోటే ఉండకూడదు, వారానికోచోట మారాలి, సందు మొగల్లో కూడా ఉండాలి, అంటే ఇంకా మనుషులు కావాలి. అందుకే ఆ నెల తర్వాతి పిలుపు మీద ఇంత పట్టు పడుతున్నా, దానికి రోడ్డు మీద ఎవరూ నిలబడక్కర్లేదు, స్టేషన్లో ఒక రిజిస్టరు ఉంటే చాలు.

మొన్న అటువైపు పనిపడి మెకానిక్ షెడ్డు ముందు ఆగి బల్ల కిందికి తొంగి చూశా. మావాడి పొట్లం అక్కడే ఉంది. పక్కన కొత్తగా ఇంకో రెండు చేరాయి.